దూప బండి

మక్తల్ బస్టాండులో కరీం పికప్పు ఎక్కడుందని అడిగితే జనం కాసేపు ఆలోచించేవారు. దూప బండి ఎక్కడుందని అడిగితే వెంటనే చెప్పేవారు. ఆ బండికి ఉన్న దాహం అలాంటిది. లీటరు పెట్రోలు పోస్తే మూడున్నర కిలోమీటర్లు నడిచేది. తొట్టి నిండా గొర్రెలు ఎక్కితే మూడే.

అది అమెరికాలో తయారైన పాత బండి. ఎక్కడో డ్యాము కట్టేటప్పుడు రాళ్లూ ఇనుమూ మోసి, ఆ పని అయిపోయాక చాలా ఏళ్లు రేకుల షెడ్డులో పడి ఉంది. నల్గొండలో వేలం వేసినప్పుడు కరీం పాడుకున్నాడు. అప్పటికే కంపెనీ పేరున్న పలక ఊడిపోయింది. మూతి మొద్దుగా, బానెట్టు ఎత్తుగా ఉండేది. వెనక తొట్టిలో ముప్పై గొర్రెలు ఇబ్బంది లేకుండా నిలబడేవి. ఆరేళ్లలో ఆ ఇంజన్ ఒక్కసారి కూడా మొండికెయ్యలేదు. వానలో స్టార్టయ్యేది, చలిలో స్టార్టయ్యేది. గట్టు ఎక్కేటప్పుడు దాని గొంతు ఇంకా లోతుకు దిగేది గానీ వణికేది కాదు. ఆగితే మాత్రం ఒకే కారణం, ట్యాంకు ఖాళీ అయిపోవడం. అందుకే కరీం ఎక్కడికి వెళ్లినా ఇరవై లీటర్ల డబ్బా ఒకటి సీటు వెనక కట్టుకుని వెళ్లేవాడు.

ఆ బండిలో ఎక్కువగా వెళ్లేవి మల్లప్ప గొర్రెలు. మల్లప్పకు అరవై దాటాయి. మాగనూరు దారిలో ఉన్న ఊళ్లలో గొర్రెల్ని పోగుచేసి మహబూబ్‌నగర్ సంతకు పంపడం అతని పని. 1980 జనవరిలో ఒకరోజు తొట్టి తలుపు మూస్తూ అతను కరీంతో మెల్లగా అన్నాడు.

“కరీం భాయి, నీ మీద నాకేం కోపం లేదు. గొర్లు గూడ గీ బండికి అలవాటైనయ్. కానీ నారాయణపేట దిక్కుకెల్లి ఒక డీజిల్ లారీ వస్తాంది. నీ కిరాయిల సగం నీ బండే తాగుతాంది. మావోళ్లు ఊకుంటలేరు.”

“ఎన్ని దినాలు ఆగుతవు మామా?”

“శివరాత్రి పోయేదాక ఆగుత.”

కరీం ఆ వారమే మహబూబ్‌నగర్‌లో ఒక పెద్ద మెకానిక్ దగ్గరికి వెళ్లాడు. ఆయన బానెట్టు ఎత్తి చూసి, నవ్వి, మూసేశాడు. ఇంజన్ పీకేసి పాత డీజిల్ ఇంజన్ ఒకటి పెడతానన్నాడు. ఇంతకు ముందు చూసిన ముగ్గురూ అదే మాట అన్నారు. కరీం ఒప్పుకున్నాడు. ఫిబ్రవరి పద్దెనిమిది, సోమవారం పొద్దున బండి తెచ్చి నిలబెట్టమని ఆయన చెప్పాడు. ఇంటికి వచ్చేటప్పుడు ఆ ఇంజన్ చప్పుడు వింటూ అతను కావాలనే మెల్లగా నడిపాడు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. ముప్పై ఎనిమిదేళ్లవాడు ఇనుము కోసం బాధపడితే జనం నవ్వుతారు.

తర్వాత నాలుగు రోజులకు అతని భార్య అజీజా బేగం, బాగుచేయడానికి ఇచ్చిన కిరసనాయిలు పంపు స్టవ్వును ఇక్బాల్ బీ దగ్గర నుంచి తెమ్మని పంపింది.

ఇక్బాల్ బీ బస్టాండు వెనక ఒక చెక్క డబ్బాలో కూర్చుని స్టవ్వులూ, పెళ్లిళ్లకు కిరాయికిచ్చే పెట్రోమాక్సు దీపాలూ బాగుచేసేది. భర్త చనిపోయి ఆరేళ్లు. ఆయన బతికి ఉన్నప్పుడే పనిలో సగం ఆమె చేసేది. ఇప్పుడు మొత్తం చేస్తోంది. కళ్లద్దాలకు ఒకవైపు పుల్ల విరిగిపోతే దారం కట్టి చెవికి తగిలించుకునేది. మాట తక్కువ. ఊళ్లో చాలామంది ఆమెను పిన్ని అన్నట్టు ఖాలా అనే పిలిచేవారు.

ఆమె స్టవ్వు వెలిగించి కరీంకు చూపించింది. మంట నీలంగా, గుండ్రంగా నిలిచింది.

“నిన్నటిదాక పచ్చగ మండింది. గిన్నెలకు మసి. ఎందుకనుకున్నవు?” అని అడిగింది.

“తెల్వదు ఖాలా.”

“నిపుల్ బెజ్జం పెద్దగయింది. ఎవరో లావు పిన్ను పెట్టి పొడిచిన్రు. బెజ్జం పెద్దగయితే గ్యాసునూనె శానా పోతది, మంట మాత్రం తక్కువ. పోయిందంత మసి అయితది.”

కరీం స్టవ్వు చేతిలోకి తీసుకున్నాడు గానీ కదల్లేదు. వాళ్ల ఇంటి గోడకు, బండి పొగగొట్టం ఎదురుగా, మసి చార ఒకటి ఉంది. అజీజా ఎన్నిసార్లు సున్నం కొట్టినా మళ్లీ వచ్చేది.

“ఖాలా, నా బండి గూడ నల్లగ పొగ ఇడుస్తది. దాంట్ల గూడ గిసొంటి నిపుల్ ఉంటది. జెట్ అంటరు. మెకానిక్‌లు ఎవరు గూడ దాన్ని ఇప్పలే. ఇంజన్ పాతది, గంతే అన్నరు.”

“నేను బండి పని ఎన్నడు చెయ్యలేదు బేటా.”

“స్టవ్వు అనుకొని చూడు.”

మర్నాడు అతను బండి నుంచి కార్బొరేటరు విప్పి, గుడ్డలో చుట్టి, ఆమె ముందు పెట్టాడు. గాలీ పెట్రోలూ కలిపి ఇంజన్‌కు పంపే ఆ ఇనుప ముద్దను ఆమె రెండు గంటలసేపు ముట్టుకోకుండానే చూసింది. తర్వాత మరలు ఒక్కొక్కటిగా విప్పి, విప్పిన వరుసలోనే గోనెపట్టా మీద పేర్చింది. లోపల పెట్రోలు నిలిచే గిన్నె, అందులో తేలే ఒక ఇత్తడి బుడ్డి. బుడ్డి పైకి తేలితే పెట్రోలు ఆగాలి, కిందికి దిగితే రావాలి. ఆ బుడ్డిని ఆమె చెవి దగ్గర పెట్టుకుని ఊపింది. మళ్లీ ఊపింది. కరీం చేతికిచ్చింది.

“ఇను.”

లోపల సన్నగా, చెంచాడు నీళ్లు కదిలిన చప్పుడు వినిపించింది.

“తేలాల్సింది మునుగుతాంది,” అన్నది ఇక్బాల్ బీ. “మునిగినంకా పెట్రోలు ఆగుమంటే ఎట్ల ఆగుతది?”

వేడినీళ్ల గిన్నెలో బుడ్డిని ముంచి పట్టుకుంటే ఒక మూల నుంచి సూదిమొనంత బుడగలు వరుసగా లేచాయి. అక్కడే చిల్లు. ఆరేళ్లుగా, బహుశా అంతకు ముందు నుంచీ, నలుగురు మెకానిక్‌ల కంట పడనిది ఒక గిన్నెడు నీళ్లలో కనిపించింది. ఆమె లోపలి పెట్రోలు పోగొట్టి, చిల్లుకు టంకం వేసింది.

అంతటితో బండి అయిదు కిలోమీటర్లు ఇచ్చింది. కరీం చాలనుకున్నాడు. ఆమె చాలనుకోలేదు.

జెట్ అనేది బఠాణీ గింజంత ఇత్తడి ముక్క. మధ్యలో ఒక బెజ్జం. గడియారాలు బాగుచేసే అతని దగ్గర కంటి అద్దం తెచ్చి ఇక్బాల్ బీ దాన్ని చూసింది. బెజ్జం గుండ్రంగా లేదు. గోడలకు గీతలు పడి ఉన్నాయి. రాళ్ల బరువుతో గట్టు ఎక్కడానికి బలం చాలక, ఆ రోజుల్లో ఎవరో ఇనుప మొనతో తొలిచి ఉంటారని ఆమె అన్నది. టంకంతో మొత్తం పూడ్చేసి, దర్జీ దగ్గర నుంచి నంబర్ల వారీగా సూదులు తెచ్చుకుని, అన్నిటికంటే సన్న సూదితో మొదలుపెట్టింది. మొదటిసారి బండి దగ్గి ఆగిపోయింది. రెండోసారి ఊరు దాటి, చిన్న మిట్ట ఎక్కలేక వెనక్కి జారింది. ప్రతిసారీ కరీం ఇంజన్‌లోని ప్లగ్గులు విప్పి తెచ్చేవాడు. వాటి కొస నల్లగా ఉంటే బెజ్జం పెద్దది, తెల్లగా మాడితే చిన్నది. వాళ్లకు కావలసింది ఇటుక రంగు. మూడోసారి ఇటుక రంగు వచ్చింది.

ఇక మిగిలింది కొలవడం. దానికి సీస పరీక్ష అని ఒకటి ఉంది. ట్యాంకు గొట్టం తీసేసి, లీటరు పెట్రోలున్న గాజుసీసను బానెట్టు పక్కన ఎత్తులో తలకిందులుగా కట్టి, రబ్బరు గొట్టంతో నేరుగా కార్బొరేటరుకు ఇస్తారు. బండి ఆగిన చోట కిలోమీటరు రాళ్లు లెక్కపెడతారు. మధ్యలో ఆగకూడదు, బ్రేకు వెయ్యకూడదు. ఒకే వేగంతో వెళ్లాలి. బుధవారం ప్రయత్నిస్తే ఎడ్లబండ్ల వరుస అడ్డం వచ్చింది. గురువారం బస్సు వెనక ఇరుక్కున్నారు. శుక్రవారం మల్లప్ప గొర్రెలే రోడ్డంతా పరుచుకున్నాయి. లెక్క ఒక్కసారీ తేలలేదు. సోమవారం ముంచుకొస్తోంది.

శనివారం మధ్యాహ్నం సంపూర్ణ సూర్యగ్రహణం అని రేడియో వారం నుంచీ చెబుతోంది. ఎవరూ బయట తిరగొద్దని పెద్దలు, ఉత్త కళ్లతో చూడొద్దని రేడియో. బడి మూసేశారు. మధ్యాహ్నం బస్సు వస్తుందో రాదో ఎవరికీ తెలియదు. ఊరంతా ఆ రోజు గురించి భయపడుతుంటే ఇక్బాల్ బీ మరో సంగతి ఆలోచించింది.

“రేపు పగటాల రోడ్డు మీద పిట్ట గూడ ఉండదు,” అన్నది కరీంతో.

కరీం ఇంటికి వచ్చి ఆ మాట చెబితే అజీజా బేగం కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆమె ఎక్కువగా ఇల్లు కదిలే మనిషి కాదు. బజారులో నలుగురు మగవాళ్లుంటే తల వంచుకుని పోయేది. కానీ శనివారం మధ్యాహ్నం మూడింటికి, నల్ల బురఖా వేసుకుని, బండిలో అందరికంటే ముందు ఎక్కి కూర్చుంది.

“మీరు పోతనంటే నేనొక్కదాన్ని ఇంట్ల కూసోను. ఏమయితే అదయితది,” అన్నది భర్తతో.

ఊరి చివర రాయి దగ్గర, అక్కడి నుంచే లెక్క అనుకుని, బండి నిలిపి సీస కట్టారు. సీసలో పెట్రోలు లేత ఎర్రగా, నిండుగా ఉంది. ఇక్బాల్ బీ ముందు అద్దం లోంచి దాని మీదే కళ్లు పెట్టుకుని మధ్యలో కూర్చుంది. ఇళ్ల తలుపులన్నీ మూసి ఉన్నాయి. దుర్గయ్య హోటలు తడకలు దించి ఉన్నాయి. ఒక్క మనిషి లేడు. కుక్క కూడా లేదు. కరీం స్టార్టు చేసి, గేరు వేసి, రాయి దాటుతూనే వేగాన్ని ఒకచోట నిలబెట్టాడు.

ఒకటో కిలోమీటరు, రెండు, మూడు. ఇదివరకు లీటరు అయిపోయే దూరం దాటింది. నాలుగో రాయి దగ్గర సీసలో పెట్రోలు సగానికి పైనే ఉంది.

అయిదో రాయి దాటాక అతనికి ఎండలో తేడా తెలిసింది. మబ్బు లేదు. ఎండ ఉంది, కానీ అందులో వేడి లేదు. కుసుమ చేలు పచ్చదనం పోయి పాత కంచు రంగుకు తిరిగాయి. రోడ్డు పక్క బండరాళ్ల నీడలు కత్తితో కోసినట్టు ఉన్నాయి. కిటికీ లోంచి వచ్చే గాలి చల్లబడింది. అతని కాలు దానంతట అదే కొద్దిగా లేచింది.

“కాలు తియ్యకు,” అన్నది ఇక్బాల్ బీ. “లెక్క పోతది.”

“ఖాలా, అది చూడు.”

ఎదురుగా రోడ్డుకు రెండువైపులా వేపచెట్లు. ఆకుల సందుల్లోంచి పడే ఎండ రోజూ గుండ్రటి చుక్కలుగా పడేది. ఇప్పుడు ఆ చుక్కలన్నీ నెలవంకలయ్యాయి. రోడ్డు నిండా, వందలు, వేలు, అన్నీ ఒకే దిక్కుకు తిరిగి, సన్నగా వణుకుతూ. బండి చెట్ల కిందికి పోగానే అవి బానెట్టు మీదికి ఎక్కి, అద్దం మీదుగా పాకి, ముగ్గురి చేతుల మీదా పడ్డాయి.

అజీజా తన అరచేయి తెరిచి, దానిమీద నిలవని ఆ వంకను చూసింది.

“ఈద్ చాంద్ లెక్క ఉన్నది,” అన్నది చిన్నగా. “ఒక్కటి కనబడితేనే మనం డాబా మీద నిలబడి దువా చేస్తం. గిన్ని చాంద్‌లా.”

ఆరో రాయి. ఏడో రాయి. సీస అడుగున రెండు వేళ్ల మందం మిగిలింది. ఎనిమిదో రాయి కూడా దాటింది. కరీం లెక్క తప్పానేమో అనుకుని మళ్లీ లెక్కపెట్టుకున్నాడు. తప్పలేదు. ఇంజన్ అలాగే, అదే లోతు గొంతుతో నడుస్తోంది. ఈ బండిని ఆరేళ్లుగా తానే తోస్తున్నట్టు అతనికి అనిపించేది. ఇప్పుడు అది తనంతట తాను పోతోంది. సీస ఖాళీ అయింది. ఇంజన్ ఇంకాస్త దూరం లాగి, రెండుసార్లు తుమ్మి, ఆగింది. చక్రాలు మెల్లగా దొర్లి ఒక తుమ్మచెట్టు పక్కన నిలిచాయి.

అక్కడ రోడ్డు పక్క బీడులో మల్లప్ప ఉన్నాడు. గొంగడి కప్పుకుని, కర్ర మీద ఆనుకుని, నూటికి పైగా గొర్రెల మధ్య నిలబడి ఉన్నాడు.

“మామా, నువ్వు ఇంటికి పోలేదా?” అని కరీం అడిగాడు.

“నేను పోతే గొర్లు ఏడికి పోతయ్? మందను ఇంట్ల పెట్టి తలుపు ఎయ్యమంటవా?” అన్నాడు మల్లప్ప. “నువ్వేందయ్యా, ఆడోళ్లను పట్టుకొని గిప్పుడు బయలెల్లినవు?”

“మైలేజీ చూస్తున్నం.”

మల్లప్ప అతని వంక, తర్వాత ఇద్దరు స్త్రీల వంక చూసి, గొంగడి సర్దుకున్నాడు.

కరీం తొందరగా ట్యాంకు గొట్టం కలిపి వెనక్కి పోదామనుకున్నాడు. రెంచీ తీసుకుని బానెట్టు మీదికి వంగాడు. మరలు కనిపించడం లేదు. ముందు కళ్లలో చెమట పడిందనుకున్నాడు. తల ఎత్తి చూస్తే, నైరుతి వైపు, కృష్ణా నది దిక్కున, ఆకాశం అడుగు నుంచి నల్లబడుతోంది. అది మబ్బు కాదు, దుమ్ము కాదు. చప్పుడు లేకుండా నేలమీదుగా వస్తోంది. దూరంగా ఉన్న గుట్ట ఆరిపోయింది. దాని ఇవతల చేను ఆరిపోయింది. తర్వాత రోడ్డు. పరిగెత్తాలన్న ఆలోచన వచ్చేలోపే అది వాళ్ల మీదుగా వెళ్లిపోయింది.

గొర్రెల మెడ గంటలు ఒక్కసారిగా ఆగాయి. మంద అంతా తలలు లోపలికి పెట్టి ఒకే ముద్దగా చేరింది. రెండు కొంగలు తొందరగా ఎటో ఎగిరి, దారి తెలియనట్టు మళ్లీ వెనక్కి వచ్చి చెట్టు మీద వాలాయి.

మొదట పైకి చూసింది ఇక్బాల్ బీ. ఆమె మెడ వెనక్కి వాల్చి అలాగే ఉండిపోవడం చూసి కరీం చూశాడు.

సూర్యుడు ఉన్న చోట ఒక నల్లటి గుండ్రం ఉంది. అంత నలుపు అతను ఎక్కడా చూడలేదు. బావి అడుగున కూడా. దాని చుట్టూ తెల్లటి వెలుగు, ఉన్ని విప్పి దువ్వినట్టు, పోగులు పోగులుగా అన్ని దిక్కులకూ పరుచుకుని ఉంది. కళ్లను గుచ్చడం లేదు. కదలడం లేదు. అంచున ఒకచోట చిన్న ఎర్రటి రవ్వ అంటుకుని ఉంది. కాస్త ఎడంగా ఒక పెద్ద చుక్క, పట్టపగలు, స్థిరంగా మెరుస్తోంది. ఆకాశం అంచున చుట్టూ, తూర్పునా పడమరనా ఒకేసారి, పొద్దుగూకే రంగు నిలబడి ఉంది.

వేడెక్కిన ఇంజన్ చల్లారుతూ టిక్కు టిక్కుమని కొట్టుకోవడం ఒక్కటే వినిపించింది.

మల్లప్ప చేతులు జోడించాడు. తర్వాత, ఎవరికి జోడించాడో తెలియనట్టు విప్పేసి, కర్ర పక్కన పెట్టి, గొర్రెల మధ్యనే నేల మీద కూర్చున్నాడు. అజీజా బురఖా ముసుగు వెనక్కి తీసేసి ఉంది. పరాయి మగవాడు పక్కనే ఉన్న సంగతి ఆమెకు గుర్తు లేదు. ఆమె పెదవులు కదిలాయి. కరీం ఆమె చేయి పట్టుకున్నాడు. ఆ చేయి చల్లగా ఉంది. తాను చాలా చిన్నవాడినని తెలియడంలో అవమానం లేకపోవడం అతనికి అదే మొదటిసారి.

రెండు నిమిషాలో, ఇంకొంచెం ఎక్కువో. నల్లటి గుండ్రం అంచున ఒక్క చోట వెలుగు బొట్టు పుట్టింది, చూడలేనంతగా. “కళ్లు దించున్రి,” అన్నది ఇక్బాల్ బీ. అందరూ తల దించారు. నేల మీద నీడలు ఒక్కొక్కటే తిరిగి వచ్చాయి. మొదట బండి నీడ, తర్వాత మనుషుల నీడలు. ఒక గంట మోగింది. గొర్రెలు విడిపడి, ఏమీ జరగనట్టు, గడ్డి కొరకడం మొదలుపెట్టాయి.

మొదట మాట్లాడింది మల్లప్పే.

“నా ఉమ్మర్ల గిసొంటిది చూడలేదు. మా అవ్వ గూడ చెప్పలేదు. లోపలికి పోయి తలుపులు ఏసుకునుడే చెప్పింది.”

ఇక్బాల్ బీ కళ్లద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంది. కళ్లను కూడా తుడుచుకుంది. తర్వాత లేచి, వెనక్కి, ఎనిమిదో రాయి వైపు నడిచింది. కరీం వెంట వెళ్లాడు. రాయి దగ్గర నుంచి బండి దాకా అంగలేసి కొలిచారు. మూడు వందల ముప్పై చిల్లర అంగలు. అంటే ఎనిమిదింబావు కిలోమీటర్లు. మూడున్నర ఇచ్చే బండి. కరీం బానెట్టు మీద చేయి పెట్టాడు. ఇనుము ఇంకా వెచ్చగా ఉంది. ఇన్నేళ్లు ఇంత సత్తువ లోపల పెట్టుకుని, బఠాణీ గింజంత ఇత్తడి ముక్క దగ్గర ఆగి ఉందా అనిపించింది. ఇక్బాల్ బీ వైపు తిరిగాడు.

“ఖాలా, నువ్వు ఎట్ల పట్టినవు?”

“నేనేం పట్టిన? అది చెప్తనే ఉన్నది. పొగ చెప్పింది, మసి చెప్పింది. ఎవరు ఇనలే.” ఆమె ఒక్క క్షణం ఆగింది. “జర ఇంక సన్న సూది పెడితే పావు కిలోమీటరు ఇస్తది గావచ్చు. కానీ గట్టు ఎక్కేటప్పుడు పాపం దానికి కష్టమైతది. గిది చాలు.”

వాళ్లు గొట్టం కలిపి, బండి తిప్పుకుని ఊరికి వచ్చేసరికి జనం అప్పుడప్పుడే తలుపులు తీసి వాకిళ్లు కడుగుతున్నారు. దుర్గయ్య హోటలు తడకలు పైకి కట్టి, పొయ్యి మీద కొత్త నీళ్లు పెడుతున్నాడు. బండి ఆగితే అతను అలవాటుగా అడిగాడు.

“ఎన్ని ఇచ్చింది కరీం భాయి?”

కరీం చెప్పబోయి ఆగాడు. చెప్పాల్సింది అదొక్కటే కాదు. కిటికీ పక్కన కూర్చున్న అజీజా అప్పుడు మాట్లాడింది. పెళ్లయిన పన్నెండేళ్లలో ఆమె గొంతు బజారులో ఎవరూ విని ఎరగరు.

“మేం చూసినం. ఎనిమిదో రాయి అవుతల. భయపడేది ఏం లేకుండె. మీరంత ఇంట్ల ఎందుకున్నరు?”

నీళ్లు చల్లుతున్న ఆడవాళ్లు చెంబులతో అక్కడే నిలబడిపోయారు. ఆమె చెప్పింది. నెలవంకల గురించి, గొర్రెల గురించి, ఉన్నిలాంటి వెలుగు గురించి. మాటలు దొరకని చోట చేతులతో చూపించింది. దుర్గయ్య పొయ్యి మీద నీళ్లు మరిగిపోతున్నా చూసుకోలేదు.

సోమవారం కరీం మహబూబ్‌నగర్ వెళ్లాడు, తొట్టి నిండా మల్లప్ప గొర్రెలతో. సంతలో గొర్రెలు దించి మెకానిక్ దగ్గరికి పోయి, ఇంజన్ మార్చనని చెప్పాడు. ఆ పెద్దాయన నమ్మలేదు. తానే సీస కట్టి, పక్కన కూర్చుని, జడ్చర్ల దారిలో పోయి వచ్చాడు. దిగాక కార్బొరేటరు మీద వేలు పెట్టి, ఎవరు చేశారని అడిగాడు. మక్తల్‌లో స్టవ్వులు బాగుచేసే ఒక ముసలామె అని కరీం చెబితే, ఆయన బానెట్టు మూసి, ఆమె దగ్గరికి తాను పంపే బండ్లు చూస్తుందా అని అడిగాడు. నెల తిరక్కుండానే ఇక్బాల్ బీ చెక్క డబ్బా ముందు జీపులు నిలబడడం మొదలైంది. ఆమె స్టవ్వులు మానలేదు. ముందు స్టవ్వు, తర్వాతే బండి అనేది.

గ్రహణం తర్వాతి వారం చివర, ఒక మధ్యాహ్నం, భిక్షపతి సారు కరీం ఇంటికి వచ్చాడు. హైస్కూల్లో సైన్సు చెబుతాడు. ఏటా బంతీ దీపమూ పెట్టి పిల్లలకు గ్రహణం చూపించే మనిషి. గ్రహణం నాడు మాత్రం తల్లి ఏడ్చి, తలుపుకు అడ్డం కూర్చుంటే ఇంట్లోనే ఉండిపోయాడు. కిటికీ సందులోంచి చీకటి మాత్రం చూశాడు. ఆ సంగతి చెబుతుంటే అతని తల పైకి లేవలేదు.

“బేగం గారు చూసింది చెప్తే రాసుకుంట,” అని జేబులోంచి నోటుబుక్కు తీశాడు.

అజీజా తలుపు ఓరగా కూర్చుని చెప్పింది. అతను మధ్యమధ్య ఆపి, ఆ తెల్లటి పోగులు ఎంత దూరం పోయాయి, ఎర్రటి రవ్వ ఏ పక్కన ఉంది, చుక్క ఎంత ఎడంలో ఉంది అని అడిగాడు. ఆమె ప్రతిదానికీ జవాబు చెప్పింది. రాయడం అయ్యాక అతను నోటుబుక్కు మూసి జేబులో పెట్టుకున్నాడు.

“ఆ వెలుగు గ్రహణం నాడే పుడతదా సారూ?” అని ఆమె అడిగింది.

“లేదమ్మా. అది సూర్యుని చుట్టు ఎప్పుడూ ఉంటది. ఆయన ఎండ ముందల మనకు కనబడదు, గంతే.”

“ఎప్పుడూనా? రోజూనా?”

“రోజూ. ఇప్పుడు గూడ ఉన్నది.”

అజీజా లేచి, ముసుగు సరిచేసుకుని, వాకిట్లోకి వెళ్లింది. మూడు గంటల ఎండ తీగ మీద ఆరేసిన బట్టల మీద పడుతోంది. ఆమె వాకిలి మధ్యన నిలబడి, కళ్లు మూసుకుని, ముఖం ఎండకు ఎత్తి, అలాగే ఉండిపోయింది.